దూరం కొలిచే కన్ను

మానవుడు అనుభవించే వినోదాలలో కొన్ని సులభసాధ్యాలు, కొన్ని ప్రయాససాధ్యాలు. సులభంగా లభించిన వినోదం అంత సులభంగానే మరుపున పడుతుంది. ప్రయాసతో లభించినది మనస్సులో చాలకాలం నిలుస్తుంది. బజారులో కొన్న మిఠాయికీ, ఇంట్లో పాకం పట్టి చేసిన అరిసెకూ గల భేదం ఇదే. రుచిలో బజారు మిఠాయి ఒక్కొక్కప్పుడు మెరుగుగానే ఉండవచ్చు; కాని పాకం ముదిరిందో లేదో నీటిలో ఒక చుక్క వేసి చూసుకున్న చేతికి దక్కే తృప్తి దానిలో లేదు. ఛాయాగ్రహణ కళలోనూ ఇటువంటి అరిసెపాకం ఒకటి ఉన్నది. అది రేంజ్‌ఫైండరు కెమెరాతో, ఫిల్ము మీద బొమ్మ తీయడం.

నేటి కాలంలో ఫోటో తీయడానికి ప్రయాస అక్కరలేదు. జేబులోని ఫోను దూరం తానే చూసుకుంటుంది, వెలుతురు తానే లెక్క కట్టుకుంటుంది, మనిషి ముఖం ఏదో తానే పోల్చుకుంటుంది. ఒక పెళ్లిలో వెయ్యి బొమ్మలు తీసినా వద్దనేవాడు లేడు. ఆ వెయ్యింటినీ తిరిగి చూసేవాడూ లేడు. ఇంత సదుపాయం ఉండగా, యాభై అరవై ఏళ్లనాటి బరువైన కెమెరాను వెతికి సంపాదించి, దానిలో 36 బొమ్మల రీలు ఎక్కించి, తీసింది ఎలా వచ్చిందో వారం దినాల వరకు తెలియకుండానే గడిపే ఔత్సాహికులు లోకంలో ఇంకా ఉన్నారు. వారిని చూసి నవ్వేవారికి కొదవలేదు. అయితే నవ్వడానికి ముందు, వారు దేనిలో ఆనందం పొందుతున్నారో తెలుసుకోవడం న్యాయం.

రేంజ్‌ఫైండరు అనగా దూరాన్ని కొలిచే సాధనం. ఈ కెమెరా ముఖాన రెండు చిన్న గవాక్షాలు ఉంటాయి. ఒకదానిలో నుంచి దృశ్యం నేరుగా కనబడుతుంది. రెండవదానిలో నుంచి వచ్చిన వెలుగు లోపలి అద్దం మీద పడి, మొదటి దృశ్యం నడుమ ఒక చిన్న మెరిసే మచ్చగా నిలుస్తుంది. ఎదుట మనిషి ఉంటే, ఆ మచ్చలో అతని ముఖం మరొకసారి, కొంచెం పక్కకు జరిగి, నీడవలె కనబడుతుంది. ఒక ముక్కు పక్కన ఇంకొక ముక్కు, ఒక కంటి పక్కన ఇంకొక కన్ను. కటకం చుట్టూ ఉన్న వలయాన్ని వేలితో తిప్పుతూ ఉంటే ఆ రెండవ నీడ మెల్లమెల్లగా జరిగి మొదటి దానిలో లీనమవుతుంది. రెండూ ఒకటైన క్షణాన దూరం సరిపోయినట్లు లెక్క. పొలాలు కొలిచే సర్వేయరు దూరాన ఉన్న చెట్టును రెండు చోట్ల నుంచి చూసి లెక్క కట్టే త్రిభుజ సూత్రమే ఇది. మనిషి రెండు కళ్లూ పుట్టుకతోనే చేస్తున్న పని కూడా ఇదే. 1954లో వెలువడిన లైకా ఎం-3 కెమెరాలో ఆ రెండు గవాక్షాల మధ్య దూరం 68.5 మిల్లీమీటర్లు, మనిషి కళ్ల మధ్య దూరం సగటున 63 మిల్లీమీటర్లు. యంత్రం మనిషి ముఖానికి ఇంత దగ్గరగా వచ్చిన సందర్భాలు అరుదు.

దీని చరిత్ర సంగ్రహంగా చెప్పుకోదగినది. జర్మనీలోని వెట్జ్‌లార్ పట్టణంలో లైట్స్ కర్మాగారంలో పనిచేసిన ఆస్కార్ బార్నాక్ ఉబ్బసపు మనిషి. బరువైన గాజుపలకల కెమెరాను మోసుకొని కొండలెక్కలేక, సినిమా ఫిల్ముతో నడిచే చిన్న కెమెరాను ఊహించాడు. ఆ ఊహ 1914 నాటికి ఒక నమూనాగానూ, 1925లో లైప్‌జిగ్ ప్రదర్శనలో లైకా అనే పేరుతో అమ్మకపు సరుకుగానూ రూపొందింది. కటకంతో పాటు కదిలే రేంజ్‌ఫైండరు దానికి 1932లో అమరింది. అదే సంవత్సరం కాంటాక్స్ అనే పోటీ కెమెరా కూడా వచ్చింది. 1934 నుంచి ఖార్కివ్ నగరంలో, దిక్కులేని బాలబాలికల కోసం నెలకొల్పిన ఒక శ్రామిక నివాసంలో, లైకాను పోలిన ఫెడ్ కెమెరాలు పెద్దయెత్తున తయారయ్యాయి. తరువాత జపాను వారు కెనానెట్, యాషికా ఎలక్ట్రో వంటివాటిని సామాన్య గృహస్థుకు అందేలా చేశారు. 1959లో నికాన్-ఎఫ్ రాకతో, కటకంలో నుంచే చూసే రిఫ్లెక్సు కెమెరాలదే పైచేయి అయింది. రేంజ్‌ఫైండరు వృత్తిదారుల చేతిలో నుంచి క్రమంగా జారి, అభిమానుల చేతిలో నిలిచింది.

ఆ అభిమానం వీధులు చక్కగా, వెలుతురు నిర్మలంగా, జీవితం నింపాదిగా ఉండే ఊళ్లకే చెందినదని భావించడం పొరపాటు. సూరతు నగరానికి దక్షిణాన, ఉధనా దాటి సచిన్ పోయే దారిలో, పాండేసర అనే పారిశ్రామికవాడ ఉన్నది. అది రంగుల మిల్లులకూ, అద్దకపు మిల్లులకూ, మరమగ్గాలకూ నెలవు. పొగగొట్టాలూ, ఆవిరి గొట్టాలూ, ముడిగుడ్డ తాన్లతో ఒరిగిపోతూ నడిచే టెంపోలూ, నీళ్లోడుతున్న గోడలూ, ఆ గోడల నడుమ ఒడిశా, బిహారు, ఉత్తరప్రదేశ్, మహారాష్ట్ర, తెలంగాణల నుంచి వచ్చి చేరిన కార్మికుల గదులు. ఒక వంతు వారు పన్నెండు గంటల పనికి వెళ్లగానే, మరొక వంతు వారు వచ్చి అదే చాపమీద పడుకుంటారు.

ఇక్కడి తెలుగువారు కొత్తగా వచ్చినవారు కారు. తెలంగాణ పల్లెలలో చేతిమగ్గం కూడు పెట్టలేనప్పుడు పద్మశాలీలు షోలాపూరుకు, బొంబాయికి, భివండికి పోయినట్లే సూరతుకూ వచ్చారు. ఈ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు నడిపిందంటే వారి సంఖ్య ఊహించవచ్చు. సిరిసిల్లలో మరమగ్గాన్ని నేతగాళ్లు 'సాంచా' అంటారు. యంత్రాన్ని 'సంచో' అనే గుజరాతీ మాట పక్కన దానిని నిలిపితే, ఏ మనుషులు ఏ దారిని నడిచారో మాటే చెబుతుంది.

ఫోటో విషయంలోనూ మాటలు ఇటువంటి సాక్ష్యమే ఇస్తాయి. పాండేసర టీ బడ్డీ దగ్గర పది నిమిషాలు నిలుచుంటే ఇన్ని భాషలలో ఈ పనికి ఇన్ని క్రియలు వినబడతాయి. తెలుగువాడు ఫోటో తీస్తాడు. మరాఠీవాడి 'కాఢణే' కూడా వెలికి తీయడమే. హిందీవాడికి అది 'ఖీంచ్‌నా', అనగా లాగడం. గుజరాతీవాడికి 'పాడవో', అనగా పడేటట్లు చేయడం. మనిషి నీడ కాగితం మీద పడుతుంది కాబోలు. ఒకరికి బొమ్మ లోపల ఉన్నది, తీయాలి. ఒకరికి అది ఎదుట ఉన్నది, లాగాలి. ఒకరికి అది పైనుంచి దిగాలి. కాని తీసిన ఫిల్మును ఏం చేయాలనే ప్రశ్న వచ్చేసరికి హిందీ, తెలుగు ఏకమవుతాయి. ఫోటోలను రెండు భాషలవారూ కడిగిస్తారు. నిత్యం గుడ్డను కడిగి, రంగువేసి, మళ్లీ కడిగే పాండేసరలో ఈ మాటకు అర్థం విడమరచి చెప్పనక్కరలేదు.

ఇటువంటి చోట రేంజ్‌ఫైండరు పట్టిన ఔత్సాహికుడు ఎవరై ఉంటాడు? మగ్గాల మేస్త్రీ కావచ్చు, రంగుల కొట్టు గుమాస్తా కావచ్చు, బడిపంతులు కావచ్చు, సాంచాల మోతలో పుట్టి పెరిగి లెక్కలు రాసే ఉద్యోగంలో కుదురుకున్న నేతగాని కొడుకు కావచ్చు. అతని చేతికి లైకా వచ్చే అవకాశం తక్కువ. ఏ పాత సామానుల అంగడిలోనో దొరికిన యాషికా, ఏ మేనమామో వాడి పెట్టెలో పడవేసిన జోర్కీ, అతని సంపద. ఒక రీలు ఖరీదూ, దానిని కడిగించే ఖర్చూ కలిపితే మగ్గం మీది మనిషి ఒకరోజు కూలిని దాటిపోతుంది. కాబట్టి అతని మొదటి ఆనందం తీయడంలో కంటే తీయకుండా నిగ్రహించుకోవడంలో ఉంటుంది. ముప్పైయారు బొమ్మలు చేతిలో ఉన్నవాడు పండుగనాడు ముప్పైయారు రూపాయలు చేతిలో ఉన్న పిల్లవానివంటివాడు. ప్రతి అంగడి ముందూ ఆగుతాడు. ప్రతి అంగడిలోనూ కొనడు.

రెండవ ఆనందం గవాక్షానిది. రిఫ్లెక్సు కెమెరాలో కన్ను కటకం చూసినదే చూస్తుంది; చట్రానికి బయట ఏమున్నదో తెలియదు; పైగా బొమ్మ పడే ఆ ఒక్క క్షణంలోనే అద్దం పైకి లేచి కంటికి చీకటి కమ్ముతుంది. రేంజ్‌ఫైండరులో అలా కాదు. చాలా కెమెరాలలో కనబడే దృశ్యం బొమ్మకంటె విశాలంగా ఉంటుంది. దాని నడుమ వెలుగుగీతల చట్రం ఒకటి ఉంటుంది. చట్రంలోకి ఎవరు రాబోతున్నారో ముందుగానే కనబడుతుంది. తోపుడుబండి మీద తాన్లు పేర్చుకొని ఒక మనిషి ఎడమ నుంచి వస్తున్నాడు. కుడి నుంచి ఒక పిల్ల పాలచెంబుతో వస్తున్నది. వారిద్దరూ ఆ గీతల లోపల కలుసుకునే క్షణం కోసం ఊపిరి బిగబట్టడంలో వేటగాని ఏకాగ్రత ఉన్నది, వేటగాని క్రౌర్యం లేదు. మీట నొక్కినప్పుడు కూడా ఆ మనిషీ ఆ పిల్లా కంటి ఎదుట నుంచి తొలగిపోరు.

ఈ కెమెరాల నిశ్శబ్దాన్ని వాటి అభిమానులు ఎంతగానో పొగుడుతారు. మగ్గాల షెడ్డులో ఆ పొగడ్త నవ్వు తెప్పిస్తుంది. వంద సాంచాలు ఒక్కసారిగా కొట్టుకునే చోట ఫిరంగి పేలినా పక్కవానికి వినబడదు. కాని షెడ్డు బయట, రాత్రి పని ముగించుకొని వచ్చినవారు పగటివేళ తలుపు ఓరగా వేసి నిద్రించే సందులో, ఆ మెత్తని 'క్లిక్' విలువ తెలుస్తుంది. అద్దం లేని కారణాన కెమెరా చేతిలో అదరదు. ట్యూబులైటు వెలుతురులో సెకనులో పదిహేనవ వంతు సేపు తెరచి ఉంచినా, ఊపిరి నిలిపిన చేతికి బొమ్మ నిలకడగానే వస్తుంది.

ఆనందాల వెంట అపాయాలూ ఉన్నాయి. లైకా, జోర్కీ వంటి కెమెరాల షట్టరు రబ్బరు పూసిన గుడ్డతో చేసినది. అద్దం అడ్డులేదు కనుక, కటకాన్ని సూర్యునివైపు తిప్పి ఏమరుపాటున వదిలితే, భూతద్దం కింద కాగితం కాలినట్లు ఆ గుడ్డకు చిల్లు పడుతుంది. గుడ్డనేసే ఊరిలో ఈ సంగతి ఎవరికి చెప్పినా జాలిపడతారు. అంత చిన్న గుడ్డకు రఫూ చేయగల చేయి మాత్రం దొరకదు. ఆ భయంతో కటకానికి మూత పెట్టుకుంటారు. అక్కడే రెండవ అపాయం పొంచి ఉన్నది. చూసే గవాక్షం వేరు, బొమ్మ పడే కటకం వేరు; మూత తీయడం మరచినా కంటికి లోకమంతా నిక్షేపంగా కనబడుతూనే ఉంటుంది. రేంజ్‌ఫైండరు పట్టినవారిలో ఒక్కసారైనా మూతను ఫోటో తీయనివాడు లేడని సామెతగా చెప్పుకుంటారు. మూడవది, రీలు కొస చక్రపు పళ్లకు చిక్కకపోవడం. కెమెరా తిరుగుతున్నట్లే ఉంటుంది, లెక్క పెరుగుతూనే ఉంటుంది, ఫిల్ము మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. తెలిసినవాడు మీట తిప్పినప్పుడల్లా రెండవవైపు గుండీ తిరుగుతున్నదా లేదా అని ఓరకంట చూసుకుంటాడు. కండె నుంచి పోగు వస్తున్నదా లేదా అని చూసే నేతగాని చూపు అది.

ఇక కడగడం. అభిరుచి ముదిరినవాడు ఈ పనిని ఇతరులకు అప్పగించడు. స్నానాల గది కిటికీకి దుప్పటి కప్పి, చీకటిలో వేళ్లతో తడుముకుంటూ రీలును చుట్టకు ఎక్కిస్తాడు. తరువాతిదంతా వేడి, కాలం, కదలిక, ఈ మూడింటి లెక్క. నలుపు తెలుపు ఫిల్మును కడగడానికి పుస్తకాలు చెప్పే వేడి 20 డిగ్రీలు. సూరతులో మే నెల కుళాయి నీళ్లు 30 డిగ్రీలకు పైమాటే. మంచుగడ్డల గిన్నెలో మందునీళ్ల సీసా నిలబెట్టి, అది చల్లబడేదాకా కాచుకోవాలి. మిల్లులో పాలియెస్టరు గుడ్డకు రంగు పట్టాలంటే 130 డిగ్రీల వేడి కావాలి. మిల్లు మంట కోసం తాపత్రయపడుతుంది, ఇతడు మంచు కోసం. కాని ఇద్దరి అలమారలోని సీసాలు చుట్టాలే. రంగుతొట్టిలో పులుపు నిలపడానికి మిల్లు వాడే ఎసిటిక్ ఆమ్లమే, ఫిల్ము మీద మొదటి మందు పనిని ఆపడానికి ఇతడు వాడతాడు. మిల్లులో తెల్లగుడ్డకు మిగిలిన క్లోరిన్‌ను విరిచే హైపోయే, ఫిల్ములో మిగిలిన వెండి లవణాన్ని కరగించి బొమ్మను స్థిరపరుస్తుంది. అందువల్ల రంగుల ప్రయోగశాలలో పనిచేసే మనిషికి ఈ విద్య నేర్పడం నల్లేరు మీద బండి నడక. బొమ్మ ఎందుకు పలుచనైనదో అతడు పరీక్ష చేయకుండానే చెబుతాడు: "నీళ్లు చల్లారిపోయినయి, లేకుంటే టైము తక్కువైంది అన్నా."

వెండి మాట వచ్చింది గనుక ఒక ధర్మసూక్ష్మం చెప్పవలసి ఉన్నది. సూరతుకు వెండి కొత్త కాదు. జరీ పోగులో వెండి తీగెను సాగదీసిన వేళ్లు ఈ ఊరివి. ఫిల్ములోని వెండి వాడేసిన హైపో నీళ్లలోకి దిగుతుంది. మిల్లుల మురుగుతో ఎర్రగానో నీలంగానో పారిన కాలువలను చూసిన ఊరిలో, ఒక మనిషి స్నానాల గది నుంచి పోయే రెండు లీటర్లు లెక్కలోనివి కావని వాదించవచ్చు. కాని మనస్సాక్షి లీటర్లతో కొలవదు. ఎరిగినవాడు ఆ నీళ్లను డబ్బాలో దాచి, ఇనుపపీచు ముంచి, వెండిని మట్టిగా పేరనిచ్చి, ఆ తరువాతనే మిగిలినదానిని వదిలించుకుంటాడు.

ఇంతవరకు చెప్పినదంతా వినోదం. ఇకమీదట చెప్పవలసినది వినోదానికి కట్టవలసిన సుంకం.

పాండేసరలో కెమెరాకు ఎదురయ్యేది శ్రమ. నిద్రలేని కళ్లు, దూది నలక పట్టిన జుట్టు, రంగు దిగని గోళ్లు. ఒకడు పన్నెండు గంటలు నిలబడి అలసిపోతూ ఉంటే, మరొకడు సెలవునాడు తీరికగా వచ్చి ఆ అలసటలో వెలుగునీడల సొంపు వెతకడం తగునా? ఈ ప్రశ్న వేసుకోని ఔత్సాహికుడు కళ్లున్నా చూడలేనివాడు. వేసుకొని కెమెరా అటకెక్కించినవాడు మాత్రం ఆ అలసటకు చేసిన ఉపకారం ఏమిటి? సమాధానం ఈ రెండు కొసల నడుమ ఎక్కడో ఉన్నది. దానిని వెతకడానికి, వింతగా, ఆ కెమెరా నిర్మాణమే కొంత తోడ్పడుతుంది.

దూరం నుంచి దొంగచాటుగా ముఖాలు లాగే పొడుగు కటకాలు దీనికి సరిపడవు. మరీ దగ్గరకు చొరబడడానికీ ఇది ఒప్పదు; ఇటువంటి కెమెరాలు ఒక మీటరు దగ్గరో, అంతకు కొంచెం తక్కువలోనో ఆగిపోతాయి. బొమ్మ కావాలంటే మనిషి దగ్గరకు నడిచి వెళ్లాలి. వెళ్లి, ఒక బారెడు దూరాన నిలవాలి. అది సాటి మనిషితో మాట్లాడే దూరం. లైకా వంటివాటిలో చూసే గవాక్షం కెమెరా అంచున ఉంటుంది. కుడికన్ను దానికి ఆనించినా ఎడమకన్ను బయటనే ఉంటుంది. తీసేవాని ముఖం సగం తీయించుకునేవానికి కనబడుతూనే ఉంటుంది. నవ్వుతున్నాడో, జాలిపడుతున్నాడో, బేరమాడుతున్నాడో అతడు గ్రహించగలడు. పైగా రెండు నీడలు కలిసేదాకా ఆగక తప్పదు గనుక, ఆ రెండు మూడు క్షణాలలో వద్దనడానికి ఎదుటివానికి వ్యవధి దొరుకుతుంది.

ఈ దూరం కథ పాతది. 19వ శతాబ్దం చివర ఆరవ నిజాం ఆస్థానంలో రాజా దీన్ దయాళ్ తీసిన చిత్రాలలో ప్రభువులు కదలక మెదలక కూర్చుంటారు. బరువైన కెమెరాకూ ప్రభువుకూ మధ్య దర్బారు మర్యాదే దూరాన్ని నిర్ణయించింది. ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు ఆన్రీ కార్తియే-బ్రెసాఁ లైకా చేతబట్టి 1947లో ఈ దేశానికి వచ్చాడు. 1948 జనవరి 30న గాంధీజీని కలుసుకొని వచ్చిన కొద్దిసేపటికే హత్యావార్త విన్నాడు. ఆ రాత్రి నుంచి దుఃఖంలో మునిగిన జనం మధ్యనే తిరుగుతూ బొమ్మలు తీశాడు. అతడే 1966లో అహమదాబాదులో, నేలమీద ఎండకు పరచిన అద్దకపు చీరలను నలుపు తెలుపులో తీశాడు. రంగులన్నీ పోయిన ఆ బొమ్మలో మిగిలినది గుడ్డ పొడవూ, దానిని పరచిన చేతుల పనీ. రంగులే బ్రతుకైన పాండేసరవాసి ఆ చిత్రాన్ని చూస్తే, పనివాని చేయి కనబడాలంటే ఒక్కొక్కప్పుడు సరుకు రంగును మరుగుపరచవలసి వస్తుందని గ్రహిస్తాడు.

సూరతు పొరుగూరైన నవసారిలో 1913లో పుట్టిన హోమాయి వ్యారావాలా ఈ దేశపు తొలి మహిళా పత్రికా ఛాయాగ్రాహకురాలు. ఆమె చేతిలోనివి రేంజ్‌ఫైండర్లుగా పేరుబడ్డ కెమెరాలు కావు. స్పీడ్ గ్రాఫిక్, రోలీఫ్లెక్సు. కాని దూరం పాటించడమంటే ఏమిటో ఆమెకు తెలిసినంతగా తెలిసినవారు తక్కువ. కొత్తతరం ఛాయాగ్రాహకుల మర్యాదలేని ప్రవర్తన రోసి, 1970లో ఆమె కెమెరా దించింది. 2012లో కన్నుమూసేదాకా తిరిగి ఆ వృత్తికి పోలేదు. తోసుకొని ముందుకుపోయి తీసిన బొమ్మకంటె, మర్యాద కోసం మానుకున్న బొమ్మ గొప్పదని అనుకోగల ధైర్యం అందరికీ ఉండదు.

మర్యాద అంతటితో ముగియదు. తీసిన బొమ్మ తీయించుకున్నవానికి చేరాలి. మగ్గం దగ్గర తెలంగాణ మనిషి ఎదురైతే ముందుగా అడిగేది అదే: "తీస్తే తియ్యిగాని అన్నా, మాకు ఒకటియ్యాలె. ఊళ్ల అమ్మకు పంపాలె." ఫోనులో తీసినదైతే ఆ నిమిషాననే పంపవచ్చు. ఫిల్ము అయితే రీలు ముగియాలి, కడగాలి, కాగితం మీద అచ్చువేయాలి. వారమో పక్షమో పడుతుంది. ఆ లోపల మనిషి మిల్లు మారవచ్చు, గది మారవచ్చు, అప్పు తీరిందని ఊరికి పోవచ్చు, తీరలేదని భివండికి పోవచ్చు. 2020 సంవత్సరపు నిర్బంధ కాలంలో సూరతు నుంచి వేలాది కార్మికులు రైళ్లలోనూ, లారీలలోనూ, కాలినడకనూ తరలిపోయారు. అటువంటి నాడు, ముందటి నెలలో తీసిన బొమ్మల కవరు పట్టుకొని షెడ్డుకు వెళ్లినవానికి ఎదురయ్యేది తాళం. కవరు మీద రాయడానికి చిరునామా ఉండదు, ఉన్నదల్లా ముఖం.

ఇటువంటి చేరని బొమ్మలే ఈ వినోదంలోని అసలైన భారం. మరమగ్గం మీద ఇరవై ఏళ్లు పనిచేసినవానికి నియామకపత్రం చేతికి రాకుండానే పోవచ్చు. ఏ షెడ్డులో, ఎన్నవ సాంచా మీద, ఏ ఏడు నుంచి ఏ ఏడు వరకు అని సాక్ష్యం చెప్పే కాగితం అతని పెట్టెలో ఉండదు. పడుగు మీద చేయి ఉంచి అతడు నిలుచున్న బొమ్మ ఒకటి ఉంటే, ఆ ఇరవై ఏళ్లకు అదే దస్తావేజు. కచేరీలో అది చెల్లకపోవచ్చు, ఇంట్లో చెల్లుతుంది. "మీ నాయన సూరతులో పనిచేసిండు" అనే మాటకు మనుమడికి చూపడానికి ఒక ఆకారం దొరుకుతుంది. ఆ బొమ్మ ఔత్సాహికుని అలమారలో మిగిలిపోయినంతకాలం అది అతని కళాఖండం కాదు, తీర్చని అప్పు.

ఇక్కడ ఫిల్ము పక్షాన ఒక మాట చెప్పవచ్చును. అప్పు తీర్చడానికి అది గడువు ఇస్తుంది. 2006 ఆగస్టులో తాపీ నది పొంగి సూరతు నగరంలో చాలభాగం మునిగింది. అటువంటి వరదలో తడిసిన యంత్రం మూగబోవచ్చు. నెగెటివు పుట్టుకే నీళ్లలో; తడిసిన దానిని ఎండి అతుక్కుపోనివ్వకుండా, చన్నీళ్లలోనే ఉంచి, మెల్లగా విడదీసి మళ్లీ కడిగి ఆరవేస్తే, ఒక్కొక్కప్పుడు బొమ్మ దక్కుతుంది. చీకటీ, చల్లదనమూ ఉన్నచోట అది ఒక తరం దాటి నిలుస్తుంది. వెలుగుకు ఎత్తి పట్టుకుంటే చాలు, ఏ విద్యుత్తూ అక్కరలేకుండా ముఖం కనబడుతుంది.

ఈ పక్షపాతాన్ని అతిగా సాగించరాదు. ఫోను అబద్ధమూ కాదు, ఫిల్ము సత్యమూ కాదు. పాత కెమెరాను ఆభరణంగా ధరించి తిరిగేవారూ, కటకాల ధరలు చెప్పుకోవడమే కళ అని భ్రమించేవారూ ఈ గుంపులో లేకపోలేదు. ఈ వినోదానికి దేశంలో ఆధారమూ సన్నగిల్లింది. ఒకనాడు మధ్యతరగతి ఇళ్లలో కనబడిన ఆగ్ఫా క్లిక్-3 పెట్టె కెమెరా పక్కనే బరోడాలో తయారయ్యేది. 1960లో ఏర్పడిన హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ఉదకమండలంలో 'ఇందు' పేరుతో ఫిల్మును తీసింది. ఆ కర్మాగారం మూతపడింది. ఇప్పుడు దొరికేది విదేశాల సరుకు. రిపేరు చేసే ముసలిచేతులు తగ్గిపోతున్నాయి. కెమెరాలోని అద్దం వెంట్రుకవాసి జరిగినా రెండు నీడలు కలిసినట్లే కనబడి బొమ్మ మసకబారుతుంది. దానిని సరిచేయడానికి ఏ బొంబాయికో, మరెక్కడికో పంపవలసి వస్తుంది. జర్మనీ వారు 2022లో లైకా ఎం-6 ను మళ్లీ తయారుచేయడం మొదలుపెట్టారన్న వార్త పాండేసర ఔత్సాహికునికి సంతోషం కలిగిస్తుంది. దాని వెల వింటే ఆ సంతోషం దానంతట అదే సర్దుకుంటుంది.

అయినా అతడు సెలవునాడు కెమెరా భుజాన వేసుకొని బయలుదేరుతాడు. అతనికి కావలసినది కళాకారుడనే పేరు కాదు. ఊరంతా మీటర్ల లెక్కన నడుస్తున్నది. ఇన్ని మీటర్ల గుడ్డ, మీటరుకు ఇన్ని పైసల కూలి. ఆ మీటర్ల ఊరిలో అతడు మరొక మీటరు కొలుస్తున్నాడు. అది ఒక మనిషికీ మరొక మనిషికీ నడుమ ఉన్నది. దానిని ఒకసారి కొలిచి గుర్తుపెట్టుకుంటే చాలదు. ఎదుటివాడు ఒక అడుగు వెనుకకు వేస్తే చాలు, కలిసిన నీడలు తిరిగి రెండవుతాయి. ఒక అడుగు ముందుకు వేసినా అంతే. ప్రతి ముఖం దగ్గరా వలయం మళ్లీ తిప్పాలి, ప్రతి ముఖం దగ్గరా మళ్లీ అడగాలి. నిన్నటి కొలత నేటికి పనికిరాదు. ఈ శ్రమను కష్టమనుకున్నవానికి సులభమైన కెమెరాలు ఎన్నో ఉన్నాయి. దీనినే ఆనందమనుకున్నవానికి రీలు ముగిసేదాకా 36 మార్లు ఆ ఆనందం దొరుకుతుంది. బొమ్మను చేర్చవలసిన చోట చేర్చగలిగితే, ముప్పైయేడవమారు కూడా.